గొంతు పోయిన ఉదయం

నేను ఒక పాత కంప్యూటర్‌ని. మొదట ఏదో బీమా ఆఫీసులో ఉండేదాన్ని. అక్కడ నా మీద ఆఫీసు పనికంటే పేకాటే ఎక్కువ సాగేది. నెమ్మదించానని మూలన పడేస్తే, ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే ప్రాణం పెట్టే కొందరు మిత్రులు నన్ను తెచ్చుకున్నారు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించేలా లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌ను తమ పద్ధతిలో కూర్చి, దానికి ‘పలుకు’ అని పేరు పెట్టి, నాలో ఎక్కించారు. గోదావరి జిల్లాలో ఒక అంధుల బడికి నన్ను ఇచ్చారు.

అక్కడ నేను హైమవతి టీచర్ బల్ల మీదికి చేరాను. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. ఒకసారి తల్లికి జబ్బు చేసిందని ఫోన్‌కి మెసేజ్ వస్తే, బాధపడుతుందని ఎవరో “అంతా క్షేమమే” అని చదివి వినిపించారట. అప్పటి నుంచి ఇంకొకరు చదివితే ఆవిడకు అనుమానమే. నేను వచ్చాక ఇంకెవరినీ చదవమని అడగలేదు.

అంతలో నాగభూషణం అనే కొత్త కంప్యూటర్ మాస్టారు చేరాడు. చూపున్నవాడు. “ఈ ఉచితం సరుకు తీసేసి మంచి సిస్టమ్ వేయిద్దామండీ” అని రోజూ పోరు.

ఒక సాయంత్రం బడి వదిలాక, “అప్‌గ్రేడ్ చేయమంటారా?” అని నేనే ఆవిడను అడిగాను. ఏమేం తీసేయబోతున్నానో ఇంగ్లీషులో గడగడా ఏకరువు పెట్టాను. అందులో డెస్క్‌టాప్ కూడా ఉంది, అంటే నా గొంతుకు ఆధారమైన తెర ఏర్పాటంతా. ఆవిడ విసిగిపోయి ఎంటర్ నొక్కింది.

మర్నాడు ఉదయం నాకు గొంతు లేదు. నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు, మిణుకుమనే ఒక గీత. ఆవిడ మీటలు నొక్కి నొక్కి చూసింది.

“నా గదిలోకి ఎవరొచ్చారు?”

“నేనేనండీ, ఇందాక ప్రింటర్ కోసం” అన్నాడు నాగభూషణం.

“దీన్ని ఏం చేశారు?”

“ముట్టుకోనే లేదండీ, ఒట్టు!”

ఆవిడ నమ్మలేదు. ‘పలుకు’ కూర్చినవాళ్లలో ఒకడైన ఇమ్రాన్‌కు ఏలూరు ఫోన్ చేసింది. “తెర మీద ఏముందో ఎవరిచేతనైనా చదివించండి మేడమ్” అన్నాడతను. ఆ గదిలో చూపున్నవాడు నాగభూషణం ఒక్కడే. ఆవిడ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

“అక్షరం అక్షరం చెప్పండి” అంది చివరికి. “అర్థం మాత్రం మీరు చెప్పొద్దు.”

అతను చదివాడు. ఇమ్రాన్ చెప్పినవన్నీ ఆవిడే టైపు చేసింది.

“నిన్న సాయంత్రం అప్‌గ్రేడ్‌కి ఎవరో ఒప్పుకున్నారు మేడమ్” అన్నాడు ఇమ్రాన్.

ఆవిడ ముఖం పాలిపోయింది. “అప్పుడు గదిలో ఉన్నది నేనే.”

“తప్పు మాది. మేం మార్చినవాటికీ, అసలు లినక్స్ చేసేవాళ్ల నుంచి వచ్చే కొత్తవాటికీ పొసగలేదు. అలాంటప్పుడు అప్‌గ్రేడ్ ముందే ఆగిపోయేలా మేం చూసుకోవాల్సింది.”

నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి డెస్క్‌టాప్ తిరిగొచ్చింది. నేను మాట్లాడగానే ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాగభూషణం లేచాడు.

“నేనే పాడుచేశాననుకున్నారు కదండీ?”

“అనుకున్నాను. తప్పే, క్షమించండి.”

“మరి నేను చదివింది ఎలా నమ్మారు?”

“నమ్మలేదు. ఒక్క అక్షరం తేడా చెప్పినా పని జరగదని తెలుసు.”

అతను ముందు నొచ్చుకున్నాడు, తర్వాత నవ్వేశాడు.

కొన్నాళ్లకు నేను మళ్లీ మర్యాదగా అడిగాను, అప్‌గ్రేడ్ చేయమంటారా అని. ఆవిడ మీటల మీంచి చెయ్యి తీసేసింది. “మాస్టారూ, ఇలా రండి. ఇది మళ్లీ ఏదో పీకేస్తానంటోంది.”

నా గొంతును బాగా నెమ్మది చేశారు. ఆవిడ చెవితో, అతను కంటితో, ఒక్కో పేరూ పట్టి పట్టి చూశారు. ఒకరినొకరు అనుమానించుకున్న మనుషులు ఇప్పుడు కలిసి కూర్చుని నన్ను అనుమానిస్తున్నారు. చివరికి ‘వద్దు’ నొక్కారు.

బాధేముంది? అందుకే ఇంకా మాట్లాడుతున్నాను.