నమస్కారాల నిల్వ

రీస్ట్రక్చరింగ్ అన్న మాట డెల్టా విజన్ ఆఫీసులో మొదటిసారి వినబడినప్పుడు, అదేదో కొత్త కెమెరా పేరనుకున్నారు. తొంభై తొమ్మిది వేసవి అది. ఓనరు గోపీనాథ్ హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్లి, వాళ్లు పెట్టిన భోజనం తిని, ఆ మాటను జేబులో వేసుకుని వచ్చాడు. వారం తిరక్కుండా గవర్నర్‌పేటలోని ఆ లోకల్ కేబుల్ చానల్లో పన్నెండు మంది కాస్తా ముగ్గురయ్యారు.

"రీస్ట్రక్చరింగంటే ఏంటనుకున్నారు? స్ట్రెచరెక్కించి బయటికి మొయ్యటం," అన్నాడు ఎడిటర్ శౌరయ్య. మిగిలిన ముగ్గురిలో ఒకడు కాబట్టి జోకులు వెయ్యగలిగాడు.

వార్తలు చదివే తబస్సుం మిగల్లేదు. నాలుగేళ్లుగా సాయంత్రం ఏడింటికి బెజవాడకు నమస్కారం పెట్టిన మనిషి. చీర రామలింగం గారి కొట్టుది. వార్తల చివర కొట్టు పేరు వేస్తారు, చీర మడతపెట్టి తిరిగిచ్చెయ్యాలి. బల్లపైకి చీర, బల్లకిందికి చుడీదారు. కెమెరా కిందికి దిగదు, ఊరికి ఆ సంగతి తెలియదు. ఆ రోజు చీర ఇచ్చేసి, చుడీదారుతో భవానీపురం బస్సెక్కింది. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే.

రెండు వారాల తర్వాత పటమటలో ఉన్న పోటీ చానల్ బ్యారేజీ టీవీకి వెళ్లి ఉద్యోగం అడిగింది. మేనేజరు వెంకటసుబ్బారావు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, వెర్రోళ్లలా కనబడుతున్నామా? నిన్న సాయంత్రం కూడా అక్కడ చదివావుగా! మా గుట్టు లాక్కురమ్మని గోపీనాథ్ పంపించాడా?"

"నన్ను తీసేసి రెండు వారాలైందండీ."

"నిన్నటి నీ చీర అంచు గురించి మా ఆవిడ గంటసేపు చెప్పింది తల్లీ. వెళ్లు, వెళ్లు."

కూతుర్ని తీసేసిన చానల్ ఇంట్లో పెట్టడానికి తల్లి జహీదాకు అప్పటిదాకా మనసొప్పలేదు. ఆ సాయంత్రం పెట్టారు. సరిగ్గా ఏడింటికి తబస్సుం తెరమీదికొచ్చి నవ్వుతూ నమస్కారం పెట్టింది.

జహీదా టీవీని చూసింది. కూతుర్ని చూసింది. "నువ్విక్కడున్నావు కదే! మరక్కడెవరే?"

"నేనే అమ్మీ. జీతం లేకుండా."

పాత టేపుల్లోంచి ఆమె నమస్కారాలు, 'ఇప్పుడు వివరాలు', 'వార్తలు ఇంతటితో సమాప్తం' కత్తిరించి అతికించారు. గొంతు మాత్రం రిసెప్షన్లో కూర్చునే మాధురిది. పెదాలొక దారి, మాటొక దారి. కేబుల్ వైరు బాగోలేదనుకుని జనం సర్దుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే తబస్సుం గోపీనాథ్ ముందు నిలబడింది.

"సార్, టీవీలోంచి నా మొహం తీసెయ్యండి. ఇంకో చోట ఉద్యోగం రాకుండా అడ్డం పడుతోంది."

"టేపు నాది, కెమెరా నాది, చీర రామలింగానిది. అందులో నీదేముందమ్మా?"

"నోరు నాది సార్."

"నోరిప్పుడు మాధురిది," అన్నాడు గోపీనాథ్. తన జోకుకు తానే పడీ పడీ నవ్వాడు.

తలుపు దగ్గర మాధురి తల దించుకుంది. ఫోనెత్తాలి, టీ పెట్టాలి, వార్తలు చదవాలి. జీతం మాత్రం ఫోనెత్తినందుకే.

తబస్సుం అక్కణ్ణుంచి తిన్నగా రామలింగం కొట్టుకు నడిచింది. ఆయన అప్పటికే ఉడికిపోతున్నాడు.

"రా అమ్మాయ్, నీకే దణ్ణం పెడదామనుకుంటున్నా! నువ్వు కట్టే చీరలు నా కొట్టులోనే లేవు. టీవీలో చీర ఇమ్మని ఆడాళ్లు నా మీద పడుతున్నారు. అవి నిరుడే అమ్ముడుపోయినయ్యి!"

"నేన్చెప్పలా?" అంది గల్లా దగ్గర కూర్చున్న ఆయన భార్య చౌడేశ్వరమ్మ. "మొన్నటి ఆవపువ్వు రంగు చీర నిరుడు వానల్లోది. ఈ పిల్ల టీవీలో లేదయ్యా, పాత బొమ్మ తిప్పుతున్నారంటే, కళ్లజోడు మార్పించుకోమన్నాడీ మహానుభావుడు."

తబస్సుం జరిగింది చెప్పింది. "బాబాయ్ గారూ, రేపు సాయంత్రం ఏడింటికి మీ టీవీ కొట్టు ముందు పెట్టండి చాలు."

అక్కడి ఫోనులోంచే శౌరయ్యకు చేసింది. "రేపు ఏ నమస్కారం వేస్తున్నారండీ?"

"నిల్వ అయిపోయిందమ్మా, తిప్పి తిప్పి వేస్తున్నా. నీకేది కావాలో చెప్పు. ఓనరు మన చానల్ చూస్తే కదా!"

"నిరుడు వరదలప్పటిది. కోత లేకుండా."

శౌరయ్య గొంతు తగ్గించాడు. "సరే. నన్నూ స్ట్రెచరెక్కిస్తే నువ్వే మొయ్యాలి."

తర్వాత వెంకటసుబ్బారావుకు చేసింది. "రేపు ఏడింటికి కెమెరాతో గవర్నర్‌పేట రండి. టీవీలో ఉంటాను, మీ పక్కనా ఉంటాను."

మర్నాడు పొద్దుగూకినా రోడ్డు సెగ తగ్గలేదు. కొట్టు ముందు ఆటోలు ఆగాయి, సైకిళ్లు ఆగాయి. తెరమీద ఆవపువ్వు చీర నమస్కారం పెట్టింది. మాధురి గొంతు "నగరంలో తాగునీటి ఎద్దడి" అని మొదలుపెట్టింది. టీవీ పక్కన నిలబడ్డ తబస్సుం, తెరమీద తన పెదాలతో పాటే గట్టిగా చదివింది: "కృష్ణమ్మకు వరద పోటెత్తింది! బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు! లోతట్టు ప్రాంతాల వాళ్లు ఇళ్లు ఖాళీ చెయ్యాలి!"

పెదాలూ మాటా అతుక్కుపోయాయి.

"ఒరేయ్, నోరు ఈవిడదేరా!" అన్నాడో ఆటోవాడు.

"ఏట్లో చుక్క లేదు కదే తల్లీ, గేట్లెందుకెత్తారు?" అంది గుంపులో ఓ ముసలావిడ.

"దుమ్ము దులపడానికి!"

"చీర కూడా పాతదే! నా దగ్గర లేదు, ఎవరూ రావద్దు!" అని అరిచాడు రామలింగం.

తబస్సుం తెరకేసి వేలు చూపించింది. "ఆవిణ్ణి నమ్మకండి. ఆవిడకి ఉద్యోగం లేదు."

మర్నాడు అదంతా బ్యారేజీ టీవీలో వచ్చింది. గోపీనాథ్ ఆమె మొహం తీసేసి తామరపువ్వు బొమ్మ పెట్టుకున్నాడు. వెంకటసుబ్బారావు కబురు పెట్టి, ఆమెను స్టూడియోలో కూర్చోబెట్టి, లైట్లు వేయించాడు.

"నీ పేరు మోగిపోతోందమ్మా! ఓ ముప్ఫై నమస్కారాలు, ముప్ఫై 'ఇప్పుడు వివరాలు' చెప్పేసి వెళ్లు. ఒక రోజు జీతం ఇప్పిస్తా. మేం కూడా కొంచెం రీస్ట్రక్చరింగు…"

తబస్సుం లేచి నిలబడింది. "నా నమస్కారం ఆవకాయ కాదండీ, జాడీకెత్తి ఏడాదంతా తినడానికి. రామలింగం గారు టీవీ ఇంకా లోపల పెట్టలేదు. మీ చానల్ కూడా వస్తుంది దాంట్లో."

వెంకటసుబ్బారావు మెడ తుడుచుకున్నాడు. "అబ్బ, కూర్చోమ్మా. రోజూ రా. నెల జీతమే."

ఆ మాటను ఆమె నమ్మలేదు. నమ్మకుండానే చేరింది.

"నమస్కారం. ఇవాళ మే పద్దెనిమిది, మంగళవారం. మే పద్దెనిమిది వార్తల వివరాలు. మే పద్దెనిమిది వార్తలు ఇంతటితో సమాప్తం."

రోజూ అంతే. మా ఇళ్లల్లో క్యాలెండర్లున్నాయని చెప్పండి ఆవిడకి, అని పటమట నుంచి ఫోన్లొచ్చాయి. వెంకటసుబ్బారావు బతిమాలాడు, గదమాయించాడు. ఆమె తేదీ మానలేదు.

"ఎందుకే, ఊపిరి తీసినప్పుడల్లా తేదీ చెప్తావు?" అంది జహీదా.

"పాచిది మళ్లీ వడ్డించకుండా అమ్మీ."