భుజంగరావు తాగిన టీ

పొద్దున గేటు దగ్గర పాల ప్యాకెట్లు పడ్డ చప్పుడు వినగానే అలివేలు లేచి స్టవ్ వెలిగించేది. ఊరంతా కాఫీ తాగే బెంగళూరులో, మహదేవపురలోని ఆ రెండు గదుల ఇంట్లో మాత్రం కాఫీ పొడి పేరుకైనా ఉండేది కాదు. వంటింటి గట్టు మీద వరసగా టీ డబ్బాలే. ఒకదాంట్లో నీలగిరి ఆకు, ఒకదాంట్లో అస్సాం పొడి, చిన్న మూత డబ్బాలో ఆదివారం కోసం దాచిన డార్జిలింగ్. వాన పడితే శొంఠి, మిరియాలు దంచి వేసేది. ఎండ కాస్తే నిమ్మగడ్డి. డార్జిలింగ్‌కు పాలు తగిలించడమంటే మాత్రం ఆమె దృష్టిలో అది హత్య.

ఆమెకు టీ మీద అంత పట్టు రావడానికి కారణం భర్త. భుజంగరావు బయట ఎక్కడ టీ తాగినా, ఆ రుచి ఇంట్లో ఉన్న అలివేలు నోట్లోకి వచ్చేది. పెళ్లయిన మూడో రోజున హిందూపురంలో అత్తగారింట చేటలో బియ్యం ఏరుతూ కూచున్న కొత్త కోడలు ఉన్నట్టుండి చప్పరించి, "అల్లం ఎక్కువైంది" అంది. అత్తగారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "మావాడు బస్టాండు కాడ తాగుతాండాడేమో లే" అని రాళ్లేరడంలో పడిపోయింది. తర్వాత చుట్టాలెవరో అడిగితే, "కొందరికి మొగుడి తిట్లు వస్తాయి. మా కోడలికి టీ వస్తాంది. అదృష్టమే గదా" అనేసింది. దాంతో ఆ సంగతి తేలిపోయింది.

కాఫీ రాదు, భోజనం రాదు. టీ ఒక్కటే. అలివేలు గడప దాటకుండానే దేశమంతా తాగేసింది. శివాజీనగర్ సందులో పాలు లేని సులేమానీ, హొసకోటె దాటాక లారీవాళ్ల ఢాబాలో గరిట నిలబడేంత చిక్కటి టీ, ఆయన ఫ్యాక్టరీ పనిమీద కలకత్తా వెళ్లినప్పుడు మట్టి పిడత వాసనతో వచ్చిన టీ. ఓవర్‌టైమ్ అని చెప్పి స్నేహితులతో సినిమాకు వెళ్లిన రోజున ఇంటర్వెల్ టీ పట్టిచ్చేసింది. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి పగలు తాగిన టీని అచ్చంగా అలాగే చేసి ముందు పెట్టేది. "ఇదేనా?" అనేది. ఆయన కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, "ఇదే. దానికన్నా బాగుండాది" అనేవాడు. ఇంట్లో కలిసి తాగితే ఆమెకు రెండింతలు, తన గుక్కా ఆయన గుక్కా రెండూ.

ఇంట్లో అంట్లు తోమే పిల్లమ్మకూ అలివేలు టీ ఇచ్చేది. తొమ్మిదేళ్లలో ఇవ్వకుండా పంపింది లేదు. వడగట్టిన టీ పిప్పిని మళ్లీ గిన్నెలో వేసి, పాలగిన్నె తొలిపిన నీళ్లు పోసి, చెంచాడు చక్కెరతో మరిగించి, పెరటి గోడ మీద ఉండే సొట్ట గ్లాసులో పోసేది. అలివేలు తల్లీ అట్లాగే చేసేది. వీధిలో అందరూ అట్లాగే చేసేవాళ్లు. అందులో తప్పేముందో ఎవరైనా చెప్పబోతే ఆమె నిజంగానే ఆశ్చర్యపోయి ఉండేది.

రెండువేల నాలుగు వానాకాలంలో ఒక సాయంత్రం ఆమె నోట్లోకి కొత్త టీ ఒకటి వచ్చింది. మొదట తీపి తగిలింది. దాని వెనకాల ఏమీ లేదు. ఉడికి ఉడికి ప్రాణం పోయిన పొడి, ఎక్కడో పాల మాడు, చివర్లో ఇనుప వాసన. ఆమె చేతిలో పని వదిలేసి వెళ్లి నోరు పుక్కిలించుకుంది.

"ఏం టీ అండీ అది?" అని అడిగింది ఆయన రాగానే.

భుజంగరావు చెప్పులు విడుస్తూ తలెత్తలేదు. "కాంటీన్ కాంట్రాక్టరు మారినాడు. వాడు అట్లే చేస్తాండాడు."

"మేనేజరుకు చెప్పండి. మనుషులు తాగేదేనా అది?"

"చెప్తాలే."

పొద్దుటి కాంటీన్ టీ రావడం అప్పటికే ఆగిపోయింది. అదేమంటే, ఫ్యాక్టరీకి కష్టంగా ఉండాదని, ఒక పూట టీ తీసేసినారని అన్నాడు. విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన ఫోర్‌మన్. నిక్కచ్చి మనిషి. అలివేలు నమ్మింది. ఆయన తాగిన టీ ఆమెకు తెలుస్తుంది గానీ, ఆడిన అబద్ధం తెలియదు కదా.

కానీ ఆ టీ ఏ టీయో తేల్చుకోకుండా ఉండలేకపోయింది. ఇన్ని టీలు ఎరిగిన నాలుక ఒక కాంటీన్ టీ దగ్గర ఓడిపోవడమా! బజారుకు వెళ్లి అన్నిటికన్నా నాసిరకం డస్టు తెచ్చి కాచింది. రాలేదు. అరగంట మరిగించింది. రాలేదు. పాలు కావాలని మాడబెట్టింది. దగ్గరికి వచ్చింది గానీ అది కాదు. ప్రతి సాయంత్రం ఒక కొత్త గ్లాసు భర్త ముందు పెట్టి "ఇదేనా?" అని అడిగేది. ఆయన మొహం పాలిపోయేది. "దాని పాటికి దాన్ని వదిలెయ్ అలివేలూ. ఆ టీతో నీకేంటికి?" అని గ్లాసు పక్కకు జరిపేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం పిల్లమ్మకు టీ పోస్తుంటే గిన్నె అంచున తొణికి నాలుగు చుక్కలు అలివేలు బొటనవేలి మీద పడ్డాయి. చుర్రుమంది. వేలు నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆయన కూడా అక్కడెక్కడో తాగుతున్నాడు. వేలి మీది టీ, ఆయన తాగే టీ నాలుక మీద కలిసిపోయాయి. ఏది ఏదో ఆమెకు తెలియలేదు. అదే తీపి, అదే చచ్చిన పొడి, అదే ఇనుము.

గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాంటీన్‌లో వందమందికి పొడి మరిగిస్తారు. ఒక్క గ్లాసు కోసం పిప్పి మరిగించరు. ఇది ఇళ్లల్లో చేసే టీ. ఎవరో ఒక ఇల్లాలు, తనలాంటిదే, తన వంటిల్లు లాంటి వంటింట్లోంచి వచ్చి, పెరటి గుమ్మంలోనో గేటు దగ్గరో తన భర్త చేతికి అందిస్తున్న టీ. ఆయన దాన్ని పనివాళ్లలాగే నిలబడి తాగుతున్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పుకోవాలంటే, ముందు వచ్చిన సిగ్గు భర్త గురించే. పిల్లమ్మ గురించిన సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు.

గిన్నెలోది తూముకాడ పారబోసింది. కొత్తగా పాలు పెట్టి, నీలగిరి ఆకు వేసి, అల్లం దంచి, పొంగు వచ్చేదాకా అక్కడే నిలబడి చేసింది. తమ కప్పుల్లోదే ఒక కప్పు తీసుకుని పెరట్లోకి తెచ్చింది. పిల్లమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని కప్పు అందుకుంది. వాసన చూసింది. తాగకుండా గోడ మీద పెట్టేసింది.

"ఏంటికమ్మా? నన్ను పన్లోంచి తీసేస్తాండారా?"

"అదేం మాట? ఏమీ లేదు, సుమ్నే, ఊరికే తాగు."

"సుమ్నే ఎవురిస్తారమ్మా? చెప్పేదేదో ఇప్పుడే చెప్పేయండి. తాగినాంక చెప్తే తట్టుకోలేను."

తీసెయ్యడం లేదని అలివేలు ఒట్టు పెట్టాల్సి వచ్చింది. అప్పటికి గానీ పిల్లమ్మ కప్పు ముట్టుకోలేదు. ఒక మంచి టీ ఇవ్వడానికి ఒట్టు పెట్టుకోవాల్సిన గతి తనకు పట్టిందే అని అలివేలు వంటింట్లోకి వచ్చి మొహం కడుక్కుంది.

ఇక మిగిలింది భర్త సంగతి. భుజంగరావు ఎలాంటివాడో ఆమెకు తెలియంది కాదు. సొంత తమ్ముడు నలుగురిలో "నీకేం తెలుసు పో" అన్న పాపానికి ఏళ్ల తరబడి వాడి గడప తొక్కలేదు. "మీరు బయట ఏం పని చేస్తున్నారో నాకు తెలిసిపోయింది" అని ఆమె ఒక్క మాట అంటే, ఈ గడప కూడా తొక్కకుండా పోయినా పోతాడు. అనకుండా ఊరుకుంటే ప్రతి సాయంత్రం ఆ టీని ఇద్దరూ తాగాలి, ఒకరి సంగతి ఒకరికి తెలియనట్టు. మింగలేదు, కక్కలేదు. ఆయన వచ్చేదాకా ఆమె అలా వీధి వైపు చూస్తూనే కూచుంది.

ఆయన వచ్చి కాళ్లు కడుక్కున్నాక రెండు కప్పులు తెచ్చి ఎదురుగా కూచుంది.

"మీకొకటి చెప్పాల. చెప్పేదానికి సిగ్గుగా ఉండాది."

"ఏమి?"

"పిల్లమ్మకు ఇన్నేండ్లుగా పిప్పి మరగబెట్టి టీ ఇస్తాండా. ఈ పొద్దు పొరపాటున అది నా నోట్లోకి పోయె. అది ఎట్లుంటాదో నాకిప్పుడు తెలిసె. మనిషికి ఇచ్చేది కాదండీ అది. అది ఇచ్చి, పెట్టినాను లే అని నేను మంచిదాన్ని అనుకుంటాంటి."

భుజంగరావు కప్పు కింద పెట్టాడు. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. ఆమె ఆయన వైపు చూడలేదు, చూస్తే ఆయన లేచి వెళ్లిపోతాడేమోనని భయం.

"ఆ ఇంటామె చెడ్డది కాదు," అన్నాడు చివరికి. "ఎండగా ఉంటే లోపల నీడకు కూచోమంటాది. ఆమెకు తెలీదు, అంతే. ఆమె మొగుడు అట్లాంటి టీ యాడా తాగడు గదా."

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. ఫ్యాక్టరీ మూసేశారు. ఆ స్థలంలో ఆఫీసుల టవర్లు లేస్తున్నాయి. ఈ వయసు ఫోర్‌మన్‌ను ఎవరూ పెట్టుకోలేదు. తెలిసినవాళ్లెవరూ కనబడరని రింగు రోడ్డు బస్సెక్కి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు పోయి, ఒక పెద్ద ఇంటికి పగటి వాచ్‌మన్‌గా చేరాడు.

"ఆ టీ వద్దనొచ్చు గదండీ."

"వద్దంటే పొగరు అంటారు. అది నీకొస్తాదని తెలుసు నాకు. గ్లాసు చేతికి వచ్చినప్పుడల్లా మనసులో నీకు దండం పెట్టుకుని తాగుతాంటి."

అలివేలు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో తల దించుకోవాల్సింది తానొక్కడే కాదని తెలిశాక భుజంగరావు తల మెల్లగా కాస్త పైకి లేచింది. లేచి వెళ్లి సంచీ తెచ్చి, మడతలు పడి చెమటకు గట్టిపడిన నీలం వాచ్‌మన్ చొక్కా బయటికి తీశాడు. ఇన్నాళ్లూ దాన్ని ఆ ఇంటి కారు కడిగే కొళాయి దగ్గరే జాడించుకున్నాడట. ఆమె దాన్ని బకెట్లో నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసింది. మర్నాడు దాన్ని ఇంట్లోనే తొడుక్కుని వీధిలోకి దిగాడు. "కొత్త పనా సార్?" అని ఎదురింటాయన అడిగితే, "అవునప్పా, వాచ్‌మన్" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ నడక ఆగలేదు.

సోమవారం సాయంత్రం టీ వేళకు అలివేలు నోట్లోకి ఆ టీ రాలేదు. కాస్త ఆలస్యంగా ఇంకో టీ వచ్చింది. అప్పుడే కాచిన పాలు, అప్పుడే దంచిన ఏలకులు, మంచి అస్సాం ఆకు. ఆమె ఉలిక్కిపడింది. ఆయన పని పోయిందేమో, ఇంకెక్కడైనా తిరుగుతున్నాడేమో అనుకుని ఆయన వచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

భుజంగరావు నవ్వుతూ వచ్చాడు. "ఈ పొద్దు గ్లాసు ఇచ్చినప్పుడు చెప్పేస్తి. అమ్మా, నేను తాగింది మహదేవపురలో మా ఇంటామె నోటికి పోతాది, ఆమెకు టీ అంటే ప్రాణం, అని."

"నమ్మెనా?"

"నమ్మకేం? మొహం జేవురించిపోయె. అయ్యో ముందే చెప్పకూడదా, మీ ఆవిడ నా గురించి ఏమనుకుంటాందో అని, చేతిలో గ్లాసు లాక్కుని పారబోసి, మళ్లీ పాలు పెట్టె. పింగాణీ కప్పులో పోసిచ్చె. నీకెట్లుండిందో కనుక్కుని చెప్పమనె."

"బాగుంది అని చెప్పండి," అని అలివేలు కూడా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆవిడ సిగ్గుపడింది వాచ్‌మన్ ముందు కాదు. ఎక్కడో ఉన్న ఇంకో ఇల్లాలి ముందు. ఆ టీ భుజంగరావు ఒక్కడి గొంతులోకే పోయేదైతే, అదే గ్లాసు, అదే పిప్పి, రేపూ ఎల్లుండీ వస్తూనే ఉండేది. ఆవిడను అనడానికి తనకేం నోరుంది? తన కళ్లు తెరుచుకున్నది మాత్రం పిల్లమ్మను చూసా?

మర్నాడు పిల్లమ్మ పని ముగించి, పెరటి మెట్టు మీద కూచుని టీ తాగుతోంది. నాలుగు రోజులుగా కొత్త టీయే అయినా కప్పును ఇంకా రెండు చేతులతో అనుమానంగానే పట్టుకుంటోంది. అలివేలు తన కప్పు తెచ్చుకుని పక్కన కూచుంది.

"పిల్లమ్మా, ఇన్నేండ్లు ఇక్కడ నువ్వు తాగిన టీ ఎవరి నోటికి పోయేది?"

భుజంగరావు టీ సంగతి వీధిలో అందరికీ తెలిసినట్టే పిల్లమ్మకూ తెలుసు. అడిగిందేమిటో ఆమెకు అర్థమైంది. చివరి గుక్క తాగి కప్పు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎవురి నోటికి పోతాదమ్మా," అంది. "నా నోటికే."