గేటత్త కోసిన వల

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇంకాస్త. చెప్పబోయేది గేటత్త కోపం. దూరం నుంచి వింటే చల్లారిపోతుంది.

మంచినీళ్ళ చెరువు తూము తలుపులు ఎత్తి దించడం గేటత్త పని. చలికాలం రాగానే ఎక్కడెక్కడి నుంచో అడవి బాతులు అక్కడ దిగేవి. వాటిలో ఒక జంట పదకొండేళ్ళుగా మెట్లు విరిగిన మూలనే దిగేది. మగదానికి ముక్కు మీద గాటు, ఆడదానికి కుంటి నడక. ఒకటి మేస్తుంటే రెండోది తలెత్తి కాపలా కాసేది.

ఆ ఏడు కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. బాతులు నీళ్ళు పాడుచేస్తున్నాయని, గేటత్త సెలవు పెట్టిన రోజు చూసి ఆ మూలన వల వేయించాడు. మగది చిక్కింది, ఆడది తప్పించుకుంది. "ఒకటి పోతే రెండోది దానంతటదే పోతుంది" అంటూ మగదాన్ని గంపలో మూయించి, వ్యానులో నూరు మైళ్ళ అవతల వదిలించాడు. ఆ వ్యాను తోలిందెవరనుకున్నారు? గేటత్త మొగుడే!

మర్నాడు గేటత్త వెళ్ళేసరికి ఆడబాతు ఒంటరిగా ఆ మూల చుట్టూ తిరుగుతూ గొంతు పగిలేలా అరుస్తోంది. మేత ముట్టడం లేదు. పది రోజుల్లో చలికాలం ముగిసి గుంపంతా తిరిగి ఎగిరిపోతుంది.

"నన్నంటావేమే, పైవాళ్ళు తోలమన్నారు, తోలాను" అన్నాడు మొగుడు.

"నన్ను గంపలో పెట్టి తీసుకుపొమ్మన్నా తోలేవాడివే!"

"బాతు కోసం కాపురం చెడగొట్టుకుంటావా?"

"ఎవరి కాపురం ఎవరు చెడగొట్టారయ్యా?"



సూపర్‌వైజరు ఆ మూలన నీటి మీద ఇంకో వల పరిపించాడు, ఏ పిట్టా వాలకుండా. గేటత్త ఆఫీసుకు వెళ్ళింది.

"సారూ, అది తిరిగొస్తుంది. వస్తే ఆ మూలనే దిగుతుంది, వలలో చిక్కి చస్తుంది. తీయించండి."

"ఇంత చెరువుంది, పక్కన దిగమను. అయినా దానికి దారెవరు చెబుతారమ్మా, మీ ఆయనా?"

గదంతా నవ్వింది. గేటత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. తుంగ కోసే కొడవలి పట్టుకుని, మిట్టమధ్యాహ్నం అందరి ఎదుటా గుండెల్లోతు నీళ్ళలోకి దిగి వల కోయసాగింది.

"ఉద్యోగం పోతుంది!" గట్టు మీంచి అరిచాడు సూపర్‌వైజరు.

"పోనీ!" అని మొగుడి వైపు తిరిగింది. "గుడ్లప్పగించి చూస్తావేం? దిగి ఆ కొస పట్టుకో. లేదంటే ఇంటికి రాకు!"

చెప్పులు విప్పకుండానే దిగాడు మహానుభావుడు.

నాలుగో రోజు వచ్చింది మగబాతు, చిక్కి సగమై. రెండుసార్లు చుట్టు తిరిగి, తిన్నగా ఆ మూలనే దిగింది. రెండూ మెడలు చాచి అరిచిన అరుపులకు చెరువు నీళ్ళు తోడే పంపుల మోత వినబడలేదు.

"అరె, వచ్చేసిందే!" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన చేతిలో గేటత్తను పనిలోంచి తీసేసిన కాగితం ఉంది.

గేటత్త నవ్వలేదు. "అది వచ్చింది. మీరు చేసిన పని మాత్రం ఎక్కడికీ పోలేదు" అని తాళంచెవుల గుత్తి ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టి వెళ్ళిపోయింది.

గుర్తుంచుకోండర్రా, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు జాలిపడి సూపర్‌వైజరు చివర్లో మారాడని కలపకండి. మారలేదు.