ఏడో ప్రశ్న

"ఇదో వస్తా" అన్నాడు కాశీవిశ్వనాథన్.

ఆయన్ని ఎవరూ పిలవలేదు. మిట్టమధ్యాహ్నం, భోజనాల వేళ. ఇంట్లో ఉన్నది పెద్దవాళ్ళు ముగ్గురు, ఉయ్యాల్లో నాలుగు నెలల పాప. వడ్డిస్తున్న భార్య అఖిలాండం చేతిలో గరిటె ఆగిపోయింది. కాపురానికి వచ్చి రెండేళ్ళు కావస్తున్నా ఆ మాటకు ఆమె అలవాటు పడలేకపోయింది. నోటిదాకా వచ్చిన ముద్ద ఆపి, తల పెరటివైపు తిప్పి, నిజంగా ఎవరో పిలిచినట్టే జవాబిస్తాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు తింటాడు. ఆ మాట వినపడగానే అత్తగారు జానకియమ్మాళ్‌కు దగ్గు వస్తుంది. అంత వేళ తప్పని దగ్గు ఏ రోగికీ ఉండదు.

అది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం, తమిళుల ఆడి మాసం. పడమటి కొండల మీంచి దిగిన గాలి రాజపాళయం వీధుల్లో దుమ్ము లేపుతోంది. కాశీవిశ్వనాథన్‌ది నూలు వ్యాపారం. మదురై నుంచి నూలు తెప్పించి సత్రపట్టి నేతగాళ్ళకు ఇస్తాడు. మంచివాడని పేరు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, కూతురు పుట్టిందని మొహం చిన్నబుచ్చుకోలేదు. ఇంతకంటే ఏం కావాలని మంసాపురంలో అఖిలాండం తల్లి అందరితో చెప్పుకుని మురిసిపోతుంది. రెండో పెళ్ళివాడన్నది ఒక్కటే వంక. మొదటి భార్య పంకజం జ్వరంతో పోయిందని సంబంధం తెచ్చినవాళ్ళు చెప్పారు. జ్వరం ఎవరికైనా వస్తుంది కదా అని ఎవరూ మరో మాట అడగలేదు.

అడగాల్సిందని అఖిలాండానికి కిందటి ఆడిలో మొదటిసారి అనిపించింది. ముత్తైదువగా పోయిన మనిషికి ఏడాదికోసారి కొత్త చీర పెట్టి మొక్కడం ఈ ఇళ్ళలో ఉన్నదే. తన పుట్టింట్లోనూ చూసింది. చీర మడతపెట్టి, పూలు పెట్టి, ముందు దీపం వెలిగిస్తారు. ఈ ఇంట్లో అత్తగారు దీపం వెలిగించలేదు. అగరువత్తి కూడా ముట్టించలేదు. చీర పక్కన నిండు కుండతో చల్లని నీళ్ళు పెట్టింది, చెంబుతో మజ్జిగ పెట్టింది, తాటాకు విసనకర్ర తీసుకుని ఆ ఖాళీ చీరకు అరగంటసేపు విసిరింది. విసురుతూ ఏడ్చింది. అఖిలాండం ఎందుకని అడిగితే, "మా ఇంటి వళక్కం, ఆచారం అట్ల" అని ముసలామె కుండ ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

వీధిలో ఎవరినైనా అడుగుదామంటే, ఆ వీధి సంగతి చెప్పక్కర్లేదు. పొరుగింటి పిల్లి ఈనితే ఎన్ని పిల్లలో, ఏ రంగువో పదిళ్ళవతల చెప్పగలరు. అలాంటివాళ్ళు, అఖిలాండం బిందె పట్టుకుని బావి దగ్గరికి రాగానే మాట మార్చేస్తారు. పంకజం పేరు ఎత్తితే ఒకామెకు ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి, ఇంకొకామెకు చేద బరువవుతుంది. వీధి వీధంతా ఒక్క మాట మీద నోరు కుట్టుకుందంటే ఆ మాట జ్వరం కాదు.

పాప పుట్టాక అఖిలాండానికి భయం ముదిరింది. పంకజాన్ని చంపేశారేమో అనిపించేది. లేదా ఆమే ప్రాణం తీసుకుందేమో. తన మొగుడి చేతులవైపు చూస్తూ, ఈ చేతులేనా అనుకునేది. ఆ చేతులే పాపను ఎత్తుకున్నప్పుడు పరుగున వెళ్ళి లాక్కోవాలనిపించేది. అలా అనుకున్నందుకు సిగ్గుపడేది, మళ్ళీ అనుకునేది. ఇక లాభం లేదని ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ ఆడి దాటేలోగా పంకజం ఎలా పోయిందో తెలియాలి. తెలియకపోతే పాపను ఎత్తుకుని మంసాపురం బండెక్కుతుంది, మళ్ళీ ఈ గడప తొక్కదు. పాప బట్టలు, తన రెండు చీరలు మూటగట్టి బియ్యపు గాదె వెనక పెట్టింది కూడా.

అటువంటి రోజుల్లో మదురై నుంచి ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు.

పేరు బాలసుబ్రమణియన్. తెలుగు మాట్లాడే షావుకార్ల పిల్లవాడే, ముప్పై దాటని వయసు. చంకలో గొడుగు, చేతిలో తోలుసంచి, మొహం నిండా నవ్వు. రమ్మని ఉత్తరం రాసింది కాశీవిశ్వనాథనే. ఒకటి కాదు, మూడు ఉత్తరాలు. ఇల్లు కాలితే నష్టం కట్టిచ్చే కంపెనీ ఒకటి ఉందని తెలిసిన రోజు నుంచీ ఆయనకు అదే ధ్యాస. మిల్లులకూ గోదాములకూ ఉండే ఇన్సూరెన్సు కాపురముండే ఇంటికెందుకని నూలు బజారులో నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఏజెంటు తిన్నె మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, తన పాఠం మొదలుపెట్టాడు. "ఇల్లు కాలేదానికి పిడుగే పడవల్సింది లేదు అయ్యా. దీపం బుడ్డి పిల్లి తోసినా చాలు. పొయ్యిలో నుండి ఒక నిప్పురవ్వ ఎగిరినా చాలు. దీపావళి వెడి ఒకటి కప్పు మీద పడినా..."

"చాలు నిలపప్పా" అంది గుమ్మంలోంచి జానకియమ్మాళ్. "దీపం పెట్టే ఇంట్ల ఏం మాటలవి? మంచి మాటే లేదా మీ కంపెనీలో?"

"అమ్మా, నేను వచ్చిపోయిన ఇండ్లు బాగుండాయి. నన్ను రావద్దన్నవాళ్ళే తరవాత ఏడ్చినారు" అని నవ్వి, ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అఖిలాండం పాపను భుజాన వేసుకుని తలుపు పక్కన నిలబడింది.

గోడలు ఇటుకవా, మట్టివా? ఇటుకవి. ముందువైపు కప్పు ఏమిటి? పెంకు. వంటిల్లు? అదీ పెంకే. ఎప్పుడు వేయించారు? నాలుగేళ్ళయింది. అంతకుముందు? తాటాకు. ఇంట్లో కిరసనాయిలు ఎంత ఉంచుతారు? ఉంచం. ఆ జవాబుకు ఏజెంటు తలెత్తి చూశాడు. వెనక గదిలో ఏముంది? ఏమీ లేదు, ఖాళీ. నూలు వ్యాపారి ఇంట్లో గది ఖాళీ ఏమిటని అతనికి అనుమానం వచ్చినట్టుంది గానీ ఖాళీ అనే రాసుకున్నాడు.

"ఏడోది. ఈ ఇంట్లో ఇంతకు ముందు ఎప్పుడైనా నిప్పు అంటుకునిందా?"

"లేదు" అంది జానకియమ్మాళ్. ప్రశ్న పూర్తికాకముందే అంది.

ఏజెంటు కలం సిరాలో ముంచాడు. "అయ్యగారు చెప్పవలె అమ్మా, సంతకం ఆయనది గదా. ఒకటి ముందే చెప్తా. ఇక్కడ అబద్ధం ఉంటే, రేపు ఏమైనా అయినప్పుడు కంపెనీ ఒక పైసా ఇయ్యదు. ఈ కాయితం పొయ్యిలోకి పనికొస్తది, అంతే. ఏమంటారు? లేదని రాసేదా?"

కాశీవిశ్వనాథన్ నోరు తెరిచాడు. వీధిలో గాలి హోరుమంటోంది. ఆయన తల మెల్లగా పెరటివైపు తిరిగింది.

"ఇదో వస్తా" అన్నాడు.

జానకియమ్మాళ్ దగ్గింది. అయితే బాలసుబ్రమణియన్ మదురైవాడు, ఈ వీధివాడు కాడు. దగ్గు వింటే మాట మార్చాలన్న సంగతి అతనికి తెలియదు. వంగి లోపలికి తొంగిచూసి, మామూలుగా, "ఎవరు పిలిచినారు?" అని అడిగాడు.

నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగిన మొదటి మనిషి అతనే. అఖిలాండం పక్కన పడుకుంటూ కూడా అడగలేకపోయింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

"పంకజం" అన్నాడు కాశీవిశ్వనాథన్.

"విశ్వనాథా!"

"ఉండమ్మా. రాసుకోండి సార్. అంటుకునింది. ఆడి మాసమే. ఇదే గాలి. పొయ్యిలో నుండి రవ్వ ఎగిరి తాటాకుకి తగులుకునింది. వంటింటి పక్క ఆ వెనక గదిలో పండుకొని ఉండింది ఆమె. కాయ్చలు, జ్వరం. నాలుగు దినాలుగా లేవలే."

"కాయ్చలు అబద్ధం కాదు గదా" అంది ముసలామె గుమ్మానికి చేరబడి. "నేను చెప్పింది అబద్ధం కాదు గదా."

ఆయన తల్లివైపు చూడలేదు. ఏజెంటువైపూ చూడలేదు. తన అరచేతులకేసి చూస్తూ చెప్పాడు. "నేను వీధిలో నుండి పరిగెత్తి వచ్చినా. నడవలో నూలు మూటలు ఉండె. ఆరు మూటలు. ఇంట్ల ఉన్నదంతా అదే, అది పోతే మేం లేము. లోపల నుండి ఆమె పిలిచింది. ఇదో వస్తా అని చెప్పినా. చెప్పి, మూట ఎత్తినా."

బాలసుబ్రమణియన్ కలం పక్కన పెట్టాడు.

"ఒకటి వీధిలో వేసి వచ్చినా. మళ్ళీ పిలిచింది. ఇదో వస్తా అన్నా. ఆమె గది ఇంకా అంటుకోలే సార్, నేను చూసినా, టైం ఉంది అనుకున్నా. మూడు తెచ్చినా. నాలుగు తెచ్చినా. అయిదోదానికి పోయినప్పుడు పిలవలే."

పాప నిద్రలో కదిలింది. అఖిలాండం పాపను దగ్గరికి అదుముకుంది. వీళ్ళు చంపలేదు. ఆ ఊరట గుండెలోకి వచ్చీ రాకముందే పోయింది. చంపినవాడైతే అసహ్యించుకుని వెళ్ళిపోవచ్చు. ఈయన చేసినదాన్ని ఏమనాలో ఆమెకు మాట దొరకలేదు. వీధి వీధంతా ఆ రోజు బయట నిలబడి ఆ నాలుగు మూటలూ ఒక్కొక్కటిగా రావడం చూసింది. అందుకే ఎవరికీ నోరు రాలేదు.

"ఆ నూలు ఏమయింది?" అని అడిగింది అఖిలాండం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అమ్మినా" అన్నాడు ఆయన. "అదే పెట్టి వ్యాపారం మళ్ళీ లేచింది. మన పెండ్లికి ఖర్చయినది అదే."

జానకియమ్మాళ్ గుమ్మంలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని అఖిలాండం ప్రయత్నించింది. రాలేదు. విసనకర్రతో ఖాళీ చీరకు విసిరిన చేతులు కళ్ళముందు కదిలాయి.

ఏజెంటు మళ్ళీ కలం అందుకున్నాడు. "అవును అని రాస్తున్నా అయ్యా" అన్నాడు మెల్లగా. "అవును అంటే పాలసీ ఇయ్యరని లేదు. కప్పు మార్చినారు గదా. కంపెనీకి నేను చెప్తా." సిరా ఆరనిచ్చి, "మీరు ఇన్ని జాబులు ఎందుకు రాసినారో నాకు తెలియలే. మిల్లువాళ్ళు కూడా ఇంత తొందరపడలే" అన్నాడు.

"ఉన్నదంతా కాలిపోయినా మళ్ళీ వస్తది అని ఒక కాయితం నాకు ఆ పొద్దు ఉండి ఉంటే, నా చేతులు ఖాళీగా ఉండేవి సార్" అన్నాడు కాశీవిశ్వనాథన్. "ఖాళీ చేతులతో లోపలికి పోయి ఉంటా. నాకు అంతే కావల."

గాలికి ఫారం ఎగిరిపోబోతే ఏజెంటు దాన్ని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. రెండో పేజీ తిప్పాడు. అందులో గళ్ళు, గీతలు. ఇంట్లోని సామాన్లు రాయాలి. "ఏమేమి రాసేది చెప్పండి. నగలు, పట్టుబట్టలు, బీరువా... విలువైనవి ఉంటే చాలు. చిల్లర సామాను వదిలేస్తాము."

కాశీవిశ్వనాథన్ లెక్క మొదలుపెట్టాడు. టేకు పెట్టె ఒకటి. గోడ గడియారం. వెండి కంచం.

అఖిలాండం తలుపు వదిలి తిన్నె దగ్గరికి వచ్చింది. పరాయి మగవాడి ముందు అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ నిలబడి ఎరగదు. భయం పోలేదు. ఇకముందు కూడా పోదని, ఈ మనిషితో కాపురమంటే ఆ భయంతో కూడా కాపురమేనని ఆమెకు అర్థమైంది. పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"విలువైనవని చూడొద్దండి" అంది ఏజెంటుతో. "అన్నీ రాయండి. గరిటెలు రాయండి, చేటలు రాయండి, పాప్ప గుడ్డలు రాయండి. ఒక చెంబు కూడా వదలొద్దు. ఒకటి వదిలినా దానికోసరం లోపలికి పోతారు ఈయన, మేము పిలుస్తా ఉంటే."