మూతకి బొట్టు

నేను కారు ఇంజనులో ఉండే ఒక మూతను, డిస్ట్రిబ్యూటరు మూత అంటారు. నల్లగా, గుండ్రంగా, గుప్పెట్లో పట్టేంత ఉంటాను. నెత్తిమీద ఐదు తీగలు. మధ్య తీగ కరెంటు తెచ్చి ఇస్తే, చుట్టూ ఉన్న నాలుగింటికీ వంతులవారీగా వడ్డించేది నా దగ్గరే. బంతిలో ఒకరికి వడ్డన తప్పితే పెళ్ళంతా గోలెత్తినట్టు, ఇక్కడ ఒక్క వంతు తప్పితే ఇంజను దగ్గుతుంది. ఆ దగ్గునే మనుషులు మిస్సింగ్ అంటారు.

ఎక్కడో ఫ్యాక్టరీలో వేడి అచ్చులో నొక్కి నన్ను తీశారు. ఫియట్ కారులో బిగించాక ముందు ఒక బట్టల వర్తకుడి దగ్గర, తరవాత ఒక డాక్టరు దగ్గర పనిచేశాను. ఇద్దరూ నా మొహం చూసిన పాపాన పోలేదు. మూడో యజమాని మండపేట సోమయాజులుగారు. నన్ను మొదటిసారి మర్యాదగా చూసింది ఆయన భార్య వర్ధనమ్మగారు.

సోమయాజులుగారు ఇంట్లో ఉలకరు, పలకరు. పేపరు, టీవీ, మళ్ళీ అదే పేపరు. స్టీరింగు పట్టుకుంటే మాత్రం నోరు విప్పుతారు. రోజూ సాయంత్రం ఇద్దరూ కాలవగట్టు మీద షికారు వెళ్ళేవారు. చిన్నప్పటి ఈతల దగ్గర్నుంచి ఆఫీసులో పడ్డ అవమానాల దాకా ఆయన ఆవిడకి చెప్పుకున్నదంతా ఆ ముందు సీట్లోనే. అందుకే ఆవిడకి ఆ కారంటే ప్రాణం. ప్రాణమైనదానికి దిష్టి తగలకుండా చూసుకోవద్దూ? ఒక దసరాకి బానెట్ ఎత్తించి, తడి పసుపుతో నా నెత్తిన బొట్టు పెట్టి, మీద కుంకుమ అద్దారు. తరవాత ప్రతి శుక్రవారమూ అదే మర్యాద.

నేను పొంగిపోయాను. కాని తడి పసుపు మీద కరెంటు జారుతుంది. ఒకరి వడ్డన పక్క విస్తట్లో పడింది, ఇంజను దగ్గింది.

మెకానిక్ నూకరాజు వచ్చి, "ప్లగ్గులు పోయాయండి బాబుగారూ," అని మార్చాడు. పనిలో పనిగా నన్ను కూడా గుడ్డతో తుడిచాడు. కారు బాగుపడింది, పేరు ప్లగ్గులకొచ్చింది. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ దగ్గు. ఈసారి కార్బురేటరు విప్పాడు, నన్ను తుడిచాడు. పేరు కార్బురేటరుకి. ఇటు ఆవిడ, దిష్టి గట్టిదే అనుకుని బొట్టు పెద్దది చేశారు. చెబుదామంటే మూతకి నోరెక్కడిది?

చివరికి సోమయాజులుగారికి విసుగెత్తింది. "దీంతో ఇక వేగలేనే. విశాఖపట్నంలో ఒకాయన సినిమావాళ్ళకి పాత కార్లు అద్దెకిస్తాట్ట. ఇచ్చేద్దాం," అన్నారు. ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డారు.

నూకరాజు మరోసారి ఏదో మార్చి, నన్ను తుడిచి వెళ్ళిన మర్నాడే దాయాదుల ఇంట పిల్లాడు పుట్టాడు. పురుడు. అది తీరేదాకా పూజల్లేవు, నాకు బొట్టూ లేదు. కారు వెన్నలా నడిచింది.

"శుక్రవారం దాటినా రోగం తిరగబెట్టలేదేవిటే," అని ఆయన ఆశ్చర్యపోయారు. ఆవిడ మాత్రం బానెట్ ఎత్తి నన్ను చాలాసేపు చూశారు. "అయితే ఇదంతా నా చేతి చలవేనన్నమాట," అని గొణుక్కున్నారు. ప్రేమకొద్దీ పెట్టిన బొట్టు అది.

అక్కడితో కథ సుఖాంతం కావాలి. కాని మనుషుల తీరు వేరు. కారు బాగుంది కాబట్టి మంచి బేరం తగులుతుందని సోమయాజులుగారికి హుషారొచ్చింది. విశాఖపట్నం ఆయన్ని ఆదివారం రమ్మని ఫోను చేసేశారు.

ఆదివారం ఆ పెద్దమనిషి వాకిట్లో కాఫీ తాగుతున్నాడు. వర్ధనమ్మగారు గిన్నె పట్టుకుని వచ్చి, "గుమ్మం దాటే ముందు బొట్టు పెడతానండీ," అన్నారు. అలాంటిదానికి ఎవరు కాదంటారు? గిన్నెడు తడి పసుపు. అది బొట్టు కాదు, నలుగు. తీగల మధ్య సందు సందునా పూసి, వంగి, "ఈ ఒక్కసారికీ నా మాట విను నాయనా," అన్నారు.

విన్నాను. నా సర్వీసులో అంత చెడ్డగా ఎన్నడూ పనిచెయ్యలేదు. కారు దగ్గి, తుమ్మి, వీధి మలుపులో చతికిలబడింది. వచ్చినాయన దిగి, "ఏమీ అనుకోకండి, దీనికి నూకలు చెల్లాయండి," అని తన దారిన వెళ్ళిపోయాడు.

కారుని ఇంటికి తోయించాక, సాయంత్రం సోమయాజులుగారు దిగాలుగా అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ నన్ను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, "ఓసారి స్టార్టు చేసి చూడండి," అన్నారు. ఒక్క తిప్పుకే అందుకుంది. కాలవగట్టు ఎక్కాక ఆయన, "ఆ పెద్దమనిషికి రాసిపెట్టి లేదే," అని మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు శుక్రవారం బొట్టు బానెట్ పైనే. నా నెత్తి బోసిగా ఉంటోంది, అందుకు నాకేమీ బాధ లేదు. ఆయన ఎప్పుడైనా మళ్ళీ బేరం మాట ఎత్తితే, ఆవిడ లేచి వెళ్ళి పసుపు తడుపుతారు.