తోస్తేనే కదిలే కారు

రేకులు వంచే ప్రెస్సు మిషను తమ్ముడి వేళ్లు నలిపేసినప్పుడు అక్క పక్క షెడ్డులో కారు సీట్లు కుడుతోంది. కేక విని పరుగెత్తింది. ఆమె చేరేసరికి ఫోర్‌మన్ రేకుకంటిన నెత్తురు తుడిపిస్తున్నాడు. పని త్వరగా తెమలాలని, చేతులు లోపలికి పోకుండా మిషనుకుండే అడ్డుజాలీ విప్పించింది ఆయనే. అయినా తప్పంతా కుర్రాడి నెత్తిన రుద్ది, మర్నాడే గేటు బయటికి పంపేశారు.

ఆ షెడ్లలో తయారవుతున్నది దేశం సొంతంగా చేసుకుంటున్న మొదటి కారు. మంత్రి వచ్చి చూస్తాడని ఊరంతా హోరెత్తిపోతోంది. ఇంజను ఇంకా కుదరలేదన్న సంగతి మాత్రం షెడ్డులో వాళ్లకే తెలుసు. అందుకే యజమాని ఒక ఎత్తు వేశాడు: పరదా వెనక కార్మికులు గట్టిగా తోస్తే, కారు వాలు మీదుగా మంత్రి ముందుకు జారాలి. తోయడం వాళ్లకు కొత్తేమీ కాదు. పని పూర్తయిన బాడీని తలో చెయ్యీ వేసి పక్క షెడ్డుకి నెట్టడం మొదటినుంచీ ఉన్న అలవాటే.

జాలీ బిగించమనీ, తమ్ముణ్ని పనిలోకి తీసుకోమనీ అందరూ వెళ్లి అడిగారు. ముందు ఫంక్షను గట్టెక్కనివ్వమన్నాడు యజమాని. ఆయన వేళ్లు పదీ పదిలంగానే ఉన్నాయి మరి.

భోజనాల వేళ మీటింగు పెట్టుకున్నారు. తోయకూడదంది అక్క. కొందరు పొట్టకూటి సంగతెత్తారు. రంగులేసే తాత అడ్డుపడ్డాడు.

"దేశం పరువు పోతుందమ్మా. ఈ కారు కోసం నా ఊపిరితిత్తులే పాడుచేసుకున్నాను."

"అందుకే అంటున్నా తాతా. నీ దగ్గూ, వాడి వేళ్లూ పోశాం దీంట్లో. మన పరువు పరువు కాదా?"

తాత లేచి వెళ్లిపోయాడు. ఆ రోజంతా అక్కకి కుట్టు సరిగ్గా పడలేదు. తాత తోస్తే అందరూ తోస్తారు, తమ్ముడి బతుకు అంతటితో సరి.

మంత్రి వచ్చాడు. స్టీరింగు ముందు యజమాని నవ్వుతూ కూర్చున్నాడు. ఈల మోగింది. కారు మీద మొదట పడింది తాత చెయ్యే. తాత తను వేసిన రంగుని ఒక్కసారి నిమిరాడు. చెయ్యి తీసేశాడు. అతని వెనకే అందరూ తీసేశారు.

పరదా లేచింది. కారు ఉన్నచోటే ఉంది. దాని వెనక చేతులు కట్టుకున్న మనుషులు మంత్రికి తేటగా కనిపించారు.

అందర్నీ ఎగదోసిందని పోలీసులు అక్కని జీపెక్కించారు. గేటు బయట కట్టుకట్టిన చేతిని తమ్ముడు పైకెత్తాడు. ఇప్పుడైనా తోయండ్రా అని ఫోర్‌మన్ బతిమాలాడు.

తాత దగ్గు ఆపుకొని అన్నాడు: "జాలీ బిగించండి. అక్కనీ తమ్ముణ్నీ లోపలికి తీసుకురండి. అప్పటిదాకా కారు ఎక్కడికీ పోదులెండి."