చక్రంలో లేని నలుపు

ముందు ఎరుపు.

మిల్లు గుడ్డ ఎరుపు. అద్దకపు నీళ్ల వాసన ఇంకా పోని ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా, కాస్త పుల్లగా.

సౌందరం ఆ ముక్కను ఒళ్లో పరిచి తడివేలితో గట్టిగా రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు.

నిలిచే రంగు. ఇప్పుడు ఆమెకు కావలసింది అదే... నిలిచేది.

అరవ దేశపు మధురలో, మిల్లు వెనక, లైను ఇల్లు. ఒక గది, గది ముందు అరుగు. ఆ అరుగు మీదే బొంత కుడుతోంది. పొద్దున మిల్లు సైరను ఊదితే పనికి. మళ్లీ ఊదితే ఇంటికి... జుట్టంతా దూది నూగు. గుండెలో కూడా కొంత చేరే ఉంటుంది, దగ్గినప్పుడు తెలుస్తుంది. నూలు చుట్టే పని అంతే. ఎవరినీ ఊరికే పోనివ్వదు.

అయినా అది ఆమె పని. ఆమె అన్నం. ఆమె కూతురి బడి.

కూతురి పేరు పొన్ను.

ఆ పిల్ల కోసమే ఈ బొంత. కప్పడానికి కాదు.

తను దాని మీద కూర్చోవడానికి.

*

ఎందుకో చెప్పాలంటే చిన్నమనూరు దాకా వెళ్లాలి.

ఆ లోయంతా పచ్చదనమే. వరి, కొబ్బరి, పందిళ్ల మీద ద్రాక్ష. పడమటి కొండల మీంచి గాలి దిగి, వరి మీద చెయ్యి నిమిరి పోతుంది. అక్కడే సౌందరం అత్తవారిల్లు. మొగుడు షణ్ముగం కామెర్లతో పోయాడు. పోయి ఏడాది తిరక్కుండానే మరిది బాలసుందరం మాట లేవదీశాడు... మా అన్న బిడ్డ మిల్లు లైన్లో పెరగకూడదు, పొన్నును మా ఇంటికి తెచ్చేసుకుంటాం, అని.

తల్లి ఏమైపోవాలో ఆ మాటలో లేదు.

చెడ్డవాడేమీ కాదు. అన్న పోయిననాడు నేల మీద పడి దొర్లి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజం. ఈ మాటా నిజం. రెండూ ఒకే నోట్లోంచి వచ్చాయి, ఏం చేస్తాం.

వాళ్ల కులంలో ఇంటి తగాదా ఏదైనా కంబళి మీదే తెగాలి. ఎన్ని తరాల కిందటో తెలుగు నేల నుంచి వలస వచ్చిననాడు బిడ్డల్తో, ఆవుల్తో పాటు మోసుకొచ్చిన ఆచారం. చావడి ముందు నల్ల గొర్రెబొచ్చు కంబళి పరుస్తారు. నడుమ చెంబుతో నీళ్లు పెడతారు. పెద్దలు కంబళి మీదే చెంబు చుట్టూ కూర్చుంటారు. కంబళి మీద ఉన్నవాళ్ల మాటే మాట.

ఆడవాళ్లు కంబళి మీద కూర్చోరు.

ఆడదాని మాట ఇంటి మగవాడు చెప్తాడు. సౌందరానికి తండ్రి లేడు. మొగుడు లేడు. ఇక ఇంటి మగవాడంటే... మరిదే.

చోద్యం చూడాలి. పిల్లను ఇమ్మని అడిగేవాడు బాలసుందరం. ఇవ్వనని సౌందరం తరఫున చెప్పవలసినవాడూ బాలసుందరమే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఇద్దరూ ఒకడే అయినప్పుడు ఎవరికి ఎవరు లోకువ?

మొదటి కూటంలో ఆమె కంబళికి దూరంగా నిలబడే నోరు తెరిచింది. నా బిడ్డను నేను సాక్కుంటాను అంది.

ఒక్క తల కూడా తిరగలేదు. వినలేదని కాదు. విన్నారు. వినకూడదు కాబట్టి విననట్టు ఉన్నారు. ఊరుపెద్ద వరదరాజన్ చెంబులోని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు మరిది, ఎంతో మర్యాదగా, మా వదినకు ఇష్టమే అని చెప్పాడు.

ఇష్టమే.

ఆమె ఒళ్లు భగ్గుమంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కోతలయ్యాక మళ్లీ కూటం, ఆనాడు తీర్పు అన్నారు. ఆ కోపాన్నే తోడు తీసుకుని, పొన్ను చెయ్యి పట్టుకుని, మధుర బస్సెక్కింది.

వాళ్ల కింద వాళ్లు పరుచుకున్నారు. నా కింద నేను పరుచుకుంటాను... దారి పొడుగునా ఇదే మాట.

*

కానీ మొదలుపెట్టింది మాత్రం భయంతోనే.

అద్దకంలో మరక పడ్డ గుడ్డ తుంపుల్ని మిల్లులో పనివాళ్లకే మూటలు కట్టి ఇచ్చేస్తారు. ఆ మూటలోంచి ఏరింది. బురద రంగు. వక్క రంగు. మబ్బు పట్టిన నీలం. పెద్దల కంట పడకూడదని. పడినా గుచ్చుకోకూడదని. కంబళికి పేద చుట్టంలా ఉంటే పోనీలే అంటారేమోనని.

జానెడు కుట్టి, గోడకు ఆనించి, వెనక్కి జరిగి చూసింది.

కుక్కిన పేనులా ఉంది.

గుడ్డ కాదు. తను. చావడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తను. పళ్లతో దారం కొరికి మొత్తం విప్పేసింది.

మిల్లులో రంగులు కలిపే యేసుదాస్ దగ్గర ఒక అట్ట చక్రం ఉంది. రంగు డబ్బాలమ్మే కంపెనీవాళ్లు ఇచ్చింది. కొత్తది రాగానే పాతది ఆమెకు ఇచ్చేశాడు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా... మళ్లీ ఎరుపు. ఎక్కడా తెగదు. గుండ్రంగా ఒకరి పక్కన ఒకరు, ఎవరి చోట వాళ్లు.

యేసుదాస్ అరవంలో వివరంగా చెప్పాడు. పక్కపక్కన ఉన్నవి ఇంటివాళ్లు. వాటిని కలిపి కుడితే కంటికి చల్లగా ఉంటుంది, నిద్రొస్తుంది. ఎదురెదురుగా ఉన్నవి కలిపితే అట్లా కాదు. రెండూ లేచి కూర్చుంటాయి. ఒకదాన్ని చూసి ఒకటి ఇంకా వెలుగుతాయి.

సౌందరం చక్రాన్ని తిప్పింది. మళ్లీ తిప్పింది. వెతుకుతున్నది కనబడలేదు.

"అన్నా, దీంట్లో నలుపు ఏడ ఉండాది?"

"నలుపు ఇందులో లేదమ్మా," అన్నాడు యేసుదాస్. "చక్రంలో దానికి చోటు లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. యంత్రాల హోరులో ఎవరికీ వినబడకుండా, కడుపు పట్టుకుని నవ్వింది. తనకు కంబళి మీద చోటు లేదు. కంబళికి చక్రంలో చోటు లేదు. సరిపోయింది! షణ్ముగం పోయాక అంత నవ్వడం అదే మొదలు.

ఇక చక్రం చెప్పినట్టే.

ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ — నాటు వేసిన కొత్తలో వరి పచ్చ. నీలానికి ఎదురు నారింజ — వాన వెలిసిన సాయంత్రం వైగై ఇసుక మీద పడే నారింజ. పసుపుకు ఎదురు ఊదా — పందిరి కింద నిలబడి తలెత్తితే కనబడే ద్రాక్ష ఊదా. తిప్పడం, చూడటం, మూటలో వెతకడం. ఉంటే కుట్టడం. లేకపోతే వచ్చే మూట దాకా ఆగడం.

ఊదా దగ్గర చిక్కొచ్చింది. సగం ఊదా, సగం పసుపు పెడితే రెండూ అరుచుకున్నాయి. ఎవరికి ఎవరు ఎదురో చక్రం చెప్పింది గానీ ఎవరు ఎంతో చెప్పలేదు. విప్పింది. తగ్గించింది. మళ్లీ తగ్గించింది. చివరికి అంత పెద్ద ఊదా ముక్కల నడుమ వేలెడు పసుపు మిగిలింది.

వేలెడే. అయినా మొదట కన్ను దాని మీదే పడుతోంది.

దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. ధైర్యం వచ్చింది. నిజంగానే వచ్చింది.

పక్కింటి అమ్మణి చూసి నొసలు చిట్లించింది. ఎరుపు పక్కన పచ్చేమిటమ్మా, ఇట్లా కళ్లలో పొడిచే బొంత మీద ఎవరికి నిద్ర పడుతుంది అని నిష్ఠూరమాడింది. ఎవరూ నిద్రపోవద్దనే కుడుతున్నానని సౌందరం చెప్పలేదు. సూదిలో దారం ఎక్కించుకుంది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన పొన్ను చక్రం తిప్పుతూ కూర్చుంది. అప్పుడు తట్టింది సౌందరానికి... ఇన్ని నెలల్లో ఈ పిల్లను ఎవరూ అడగలేదు. మరిది అడగలేదు, పెద్దలు అడగలేదు. సిగ్గుచేటు, తనూ అడగలేదు.

అడిగింది. ఊళ్లో చిన్నాన్న ఇంట్లో ఉంటావా, నా దగ్గర ఉంటావా?

పొన్ను తల ఎత్తలేదు.

"నీ కాడే. ఎవురన్నా అడిగితే చెప్దామని ఉండా."

సౌందరం సూది కింద పెట్టి, పిల్లను దగ్గరకు లాక్కుంది. కాసేపు కుట్టలేకపోయింది.

*

కోతలయ్యాయి. చిన్నమనూరు పొలాల్లో మోళ్లు మిగిలాయి.

చావడి ముందు కంబళి పరిచారు. చెంబు పెట్టారు. పెద్దలు కూర్చున్నారు. బాలసుందరం తెల్ల పంచె సర్దుకుని ఒక అంచున కూర్చున్నాడు. ఆడవాళ్లు దూరంగా, గోడ వారన.

సౌందరం గోడ వారకు వెళ్లలేదు.

చంకలోని బొంత దించింది. విదిలించింది. కంబళి అంచుకు సమంగా, తగలకుండా పరిచింది.

ఎండలో ఆ రంగులు ఒక్కసారిగా లేచాయి.

ఎరుపు. పచ్చ. నీలం. నారింజ. అంత ఊదా నడుమ వేలెడు పసుపు. మొదటి కూటంలో తిరగని తలలన్నీ తిరిగాయి. తిరగక ఏం చేస్తాయి?

ఆమె చెప్పులు విడిచి, బొంత మీద నడిమికి వెళ్లి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బాలసుందరం మొహం మాడిపోయింది. పదిమందిలో పరువు తీయొద్దు, లే వదినా అని గొంతు తగ్గించి బతిమాలాడు. ఆమె లేవలేదు. వరదరాజన్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా సౌందరం... కంబళి ఒకటే. పక్కన ఇంగొకటి పరిచే ఆచారం, వళక్కం మనలో లేదు. తీసెయ్."

"మీ కంబళిని నేను తొక్కలేదు మామా. నా బొంత మీద నేను కూచ్చోనుండా."

గోడ వారన అలికిడి. అత్తగారు వల్లియమ్మ లేచి నిలబడింది. కంబళి మీద ఉన్నది కొడుకు, బొంత మీద ఉన్నది కోడలు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఇన్నాళ్లూ ఆ ముసలామె ఎటూ పలకలేదు.

"ఉత్త మన్ను మీద కూచ్చోని మాట చెప్పకూడదనే కంబళి పరిచేది," అంది మెల్లగా. "మా మామ చెప్పినారు. నా కోడలి కింద మన్ను లేదు, బొంత ఉండాది. ఏంటికి తీయాల?"

అని, కొడుకు వైపు చూడకుండా కూర్చుంది.

వరదరాజన్ అవుననలేదు. కాదనలేదు. పక్కవాళ్లను చూశాడు. వాళ్లు ఇంకెవరినో చూశారు. ఆచారం అడ్డం తిరిగితే ఏమనాలో ఎవరికీ నేర్పలేదు.

ఆ సందులో బాలసుందరం అందుకున్నాడు, అలవాటుగా... మా వదిన ఏమంటుందంటే, అని.

"నువ్వు ఆగు తంబీ."

ఆగాడు.

"నేనేమంటానో నేను చెప్తా."

కంబళి మీద అందరూ ఆమె నోటికేసి చూస్తున్నారు. పెద్దలు, మరిది. చెంబు నీళ్లకేసి ఎవరూ చూడటం లేదు.

"నాకు ఇష్టం లేదు," అంది సౌందరం.

వేలెడు పసుపు మీద చెయ్యి ఆనించుకుంది.

"అప్పుడూ ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు. మీరేం తీర్పు చెప్పినా చెప్పండి... నా పేరు పెట్టి ఆ మాట ఇంగ ఎవురూ చెప్పకూడదు."



మోళ్ల మీంచి గాలి వచ్చి బొంత అంచును ఎత్తింది. ఆమె అరచేత్తో అణిచిపట్టి, పొన్నును గురించి చెప్పడం మొదలుపెట్టింది.